నిందపడిన బదనిక

మామిడి పూత ఇంకను పూర్తిగా రాని రోజులలో ఒకనాడు మేము గుడివాడ దాపున ఒక పాత తోటకు పోయితిమి. తోట చిన్నది, చెట్లు పెద్దవి. యజమాని తాతగారు నాటించినవట. ఇద్దరు కూలీలు చెట్లెక్కి, కొమ్మలపై పట్టిన మొక్కలను కొడవళ్లతో కోసి క్రిందికి విసరుచుండిరి. చెట్టు మొదట ఒక పెద్ద కుప్ప పడియున్నది.

"ఇవన్నీ ఎందుకు తీయిస్తున్నారండీ?" అని అడిగితిమి.

"బదనిక పట్టిందండీ. ఊరుకుంటే చెట్టును పీల్చి పిప్పి చేస్తుంది. మా నాన్నగారు కూడా ఏటేటా తీయించేవారు" అని ఆ పెద్దమనిషి చెప్పిరి.

వారి మాట సగము నిజము. మేము ఆ కుప్పయొద్ద కూర్చుండి మొక్కలను రెండు రాసులుగా వేరుచేసితిమి. ఒక రాశిలో కోల ఆకులు, నారింజ వన్నె పూగుత్తులు గల మొక్క. రెండవ రాశిలో పట్టీలవంటి దళసరి ఆకులు, బూడిదవన్నె లావు వేళ్లు గల మొక్క. మొదటిది చెట్టును దోచుకొనునది. రెండవది చెట్టుపై కూర్చుండుటకు చోటు మాత్రమే అడుగునది. రెంటికిని మన వాడుకలో బదనిక యనియే పేరు. పేరొకటి యైనందున శిక్షయు ఒకటే యైనది.

ఆ రెండవ మొక్క ఒక ఆర్కిడ్. సిక్కిం కొండలలోను, అస్సాము అడవులలోను పూయునని మనము పుస్తకములలో చదువుకొను ఆ జాతికి చెందిన అడవిపూవు మన తీరాంధ్రపు చెట్లపై కూడ కలదు. దానిని గుర్తుపట్టుట ఎట్లు, అది బ్రతుకు తీరు ఎట్టిది, దానిని నిలుపుకొనుటకు మనము చేయగలిగినదేమి యను మూడు సంగతులు ఇప్పుడు శ్రోతలకు మనవి చేయుదుము.

మొదట దొంగ బదనిక సంగతి చెప్పి ముగింతుము. దాని పండులోని గుజ్జు మిక్కిలి జిగురైనది. చిన్న పిట్టలు ఆ పండ్లు తిని విత్తులను వేరొక కొమ్మపై విడుచును. విత్తు అచ్చటనే అంటుకొని మొలచి, వేరువంటి అవయవమును కొమ్మలోనికి దించును. చెట్టు నేలనుండి తెచ్చుకొన్న నీటిని, లవణములను దారిలోనే కాజేయును. ఆకులు పచ్చనివి గనుక ఎండలో ఆహారము తానే వండుకొనును గాని, వంటకు నీళ్లు మాత్రము పరుల కుండలోనివి. అతుకుపడినచోట కొమ్మ కణితివలె ఉబ్బియుండును. దానికి పైనున్న భాగము క్రమముగా నీరసించి ఎండిపోవును. ఈ బదనికను తీయించుట న్యాయమే. అయితే మొక్కను లాగివేసినంత మాత్రమున చాలదు. ఉబ్బినచోటికి దిగువగా కొమ్మను కోయించవలెను.

రెండవ బదనిక తీరు వేరు. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు వందా టెస్సెల్లాటా. ఆకులు పొడవుగా, నడుమ మడత పడినట్లుగా ఉండి, కాండమునకు ఇరుప్రక్కల వరుసలు తీర్చియుండును. ఆకు కొన ఎవరో కొరికినట్లు తెగియుండును. కాండమునుండి పెన్సిలు లావున వేళ్లు వెలువడును. కొన్ని బెరడును కరచిపట్టుకొనును. కొన్ని గాలిలో వ్రేలాడును. బెరడును పట్టిన వేరు పైపైననే ప్రాకును గాని లోనికి దిగదు. మెల్లగా ఎత్తి చూచినచో దాని క్రింద బెరడు చెక్కుచెదరక యుండును. కొమ్మ ఉబ్బదు, ఎండదు. గుర్తుపట్టుటకు ఇంతకన్న సులువైన పరీక్ష లేదు. అతుకుపడినచోట కొమ్మ ఉబ్బియున్నచో దొంగ. బెరడుపై వేళ్లు పాకియున్నచో అతిథి.

ఇంక దీని పూవు. ఒక్కొక్క కాడపై కొన్ని పూవులు పూయును. రేకులు పసుపును, ఆకుపచ్చయు కలిసిన వన్నెలో ఉండును. వాటిపై గోధుమవన్నె గీతలు గళ్లుగళ్లుగా అల్లుకొనియుండును. పెడనలో చేయితిరిగిన అద్దకపు పనివాడు గీచినట్లున్నవని మేమనుకొంటిమి. నడుమనుండు పెదవివంటి రేకు ఊదావన్నె. మంచి పరిమళము గలదు. టెస్సెల్లాటా యను లాటిను మాటకు గళ్లు గలదియని యర్థము.

ఆ పేరులోని తక్కిన సగము మనదే. వందా యనగా చెట్లపై మొలచు మొక్కలకు సంస్కృతమున వాడు పేరు. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి భాగమున విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు సామర్లకోటలో ఉండి, ఉత్తర సర్కారుల మొక్కలను సేకరించి, వాటి తెలుగు పేర్లను అడిగి వ్రాసికొని, ఈ దేశపు చిత్రకారులచేత రంగుల బొమ్మలు వేయించెను. 1793 లో ఆయన కలకత్తా తోటకు అధిపతియై పోయెను. 1795 లో లండనులో కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము వెలువడసాగెను. మన గళ్ల పూవునకు శాస్త్రలోకమున స్థానము దొరకినది ఆ గ్రంథమునందే. ఆ కాలముననే కలకత్తాలో సంస్కృతము నేర్చిన విలియం జోన్సు ఈ పూవును వర్ణించుచు వందా యను పేరునే వాడెను. 1820 లో రాబర్టు బ్రౌను ఆ పేరును మొత్తము ప్రజాతికి స్థిరపరచెను.

నేడు బ్యాంకాకులోను, సింగపూరులోను, హవాయి దీవులలోను పూలవర్తకులు పలుకు వందా యను మాట ఇట్లు మన దేశమునుండి పోయినదే. సింగపూరు 1981 లో జాతీయపుష్పముగా ఎన్నుకొన్న మిస్ జోకిం అను పూవు కూడ చిరకాలము వందా పేరనే చెల్లినది. పరిమళముగల సంకరజాతులు పుట్టించుటకు ఆయా దేశముల తోటమాలులు మన గళ్ల బదనికను వాడుకొనుచున్నారు. పేరు పుట్టినచోట మాత్రము అది కొడవలి పాలగుచున్నది. ఇందులో ఒక చిక్కు కలదు. సంస్కృతమున వందా యన్నను, తెలుగున బదనిక యన్నను, రెండు భాషలలోను ఆ మాట దొంగకును, అతిథికిని కలిపి చెల్లినది. పెద్దలు వాటమును బట్టి పేరు పెట్టిరి. నడతను బట్టి పెట్టలేదు. కనుక రైతును తప్పుపట్టుటకు లేదు.

నేలను విడిచి, చెట్టునుండి ఏమియు తీసికొనక ఈ మొక్క ఎట్లు బ్రతుకుచున్నదని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. రహస్యము వేళ్లలో ఉన్నది. లోపలి సన్నని వేరు చుట్టును నిర్జీవకణములతో ఏర్పడిన మెత్తని పొర ఒకటి కలదు. అది స్పంజివంటిది. వాన పడినను, మంచు కురిసినను, చెట్టుబెరడుపై నీరు జారినను క్షణములలో పీల్చి పట్టుకొనును. ఎండినప్పుడు వేరు తెల్లగా ఉండును; తడిసినప్పుడు లోపలి పచ్చదనము పైకి కనబడును. ఆ పచ్చదనముతో వేరు సహితము ఎండలో ఆహారము వండుకొనగలదు. బెరడుపై నిలిచిన దుమ్ము, కుళ్లిన ఆకు, పక్షి రెట్ట, ఇవియే దాని ఎరువు. ఆకులు నీటిని నిలువచేసికొనును. పగటియెండలో ఆకురంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిదప తెరచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొని దాచుకొనును. తెల్లవారిన పిదప వెలుతురులో దానిని వాడుకొనును. రోహిణి కార్తె ఎండలలో బందరు మేడలపై మనుష్యుడు నిలువలేని వేళ, చెట్టుకొమ్మపై ఈ మొక్క నిలిచియుండుటకు కారణమిదియే.

బ్రతుకుటలో ఇంత గట్టిదైన మొక్క పుట్టుటలో మాత్రము మిక్కిలి సుకుమారమైనది. ఆర్కిడ్ పూవులలో పుప్పొడి పొడిగా రాలదు. చిన్న ముద్దలుగా కట్టియుండి, వచ్చిన పురుగు దేహమునకు అంటుకొనును. ఆ పురుగు మరల అదే జాతి పూవునొద్దకు పోయినప్పుడే పని నెరవేరును. పూచిన పూవులలో కాయ కట్టునవి కొన్నియే. కట్టిన కాయలో మాత్రము విత్తులు వేలకువేలుగా ఉండును. దుమ్మువలె సన్ననివి, గాలికి ఎగిరిపోవును. వరిగింజలో మొలకకు తల్లి కట్టియిచ్చిన చద్దిమూట ఉండును. ఆర్కిడ్ విత్తులో ఆ మూట లేదు. మొలకెత్తిన క్షణమునుండి దానికి ఇతరుల సాయము కావలెను.

ఆ సాయము ఎవరిదో 1899 లో ఫ్రాన్సు దేశమున నోయెల్ బెర్నార్ అను యువకుడు కనుగొనెను. ఒక జాతి బూజు, అనగా కంటికానని సన్నని పోగులుగా బ్రతుకు శిలీంధ్రము, విత్తులో ప్రవేశించును. ఆ పోగులే పసిమొలకకు ఆహారము తెచ్చి పెట్టును. ఆ శిలీంధ్రము లేనిచోట ఎన్ని లక్షల విత్తులు రాలినను మొక్క పుట్టదు. 1922 లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన ఆహారముపై, శిలీంధ్రము లేకయే, గాజుపాత్రలో ఆర్కిడ్ విత్తులను మొలిపించెను. నేటి పూలతోటల వ్యాపారమంతయు ఆ పునాదిపై లేచినదే. కాని గాజుపాత్ర ప్రతి ఊరను ఉండదు. మన చెట్టుపై పడిన విత్తుకు తగిన బెరడు, తగిన తేమ, తగిన బూజు మూడును ఒక్కచోట కూడవలెను. కూడిన పిదపను మొలక పెరిగి తొలిపూవు పూయుటకు సంవత్సరములు పట్టును. కొడవలి దెబ్బకు పట్టునది ఒక్క నిమిషము.

ఈ సంగతి తెలిసిన పిదప మన డెల్టా వైపు చూడవలెను. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. కొండ లేదు, రాయి లేదు. సహజముగా పెరిగిన అడవి యనదగినది దివిసీమ కొసను, ఏటిపాయలు సముద్రమున కలియుచోట, సొర్లగొంది, నాచుగుంట ప్రాంతములందలి మడ అడవి. ఆ ప్రాంతము 1989 లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యమైనది. తక్కినదంతయు వరిపొలము, కాలువ, ఊరు. 1855 లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు డెల్టా అంతటను పారినది. గట్లపై, బాటలపై, తోటలలో మనుష్యులు చెట్లు నాటిరి. కావున మన మైదానమున ఈ బదనికకు అడవి యనగా మనుష్యుడు నాటిన చెట్టే. గుడి ముందరి రావి, చెరువుగట్టు మర్రి, దొడ్డిలోని చింత, తోటలోని మామిడి, వీటి కొమ్మలే దాని కొండలు.

అయితే ఏ చెట్టైనను చాలదు. లేత చెట్టు బెరడు నునుపుగా ఉండును. నీరు నిలువదు, బూజు నిలువదు. బెరడు పగిలి గరుకై, పగుళ్లలో దుమ్ము చేరి, కొమ్మలు నీడపట్టి నిలిచిన పిదపనే అట్టి విత్తుకు చోటు దొరకును. బదనికకు కావలసినది చెట్టు మాత్రమే కాదు, చెట్టు వార్ధక్యము. ఇది మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. నేడు మన ప్రాంతమున చెట్లు నాటువారు లేకపోలేదు. చెట్టును ముసలిది కానిచ్చువారే తక్కువ.

కారణములు శ్రోతలకు తెలియనివి కావు. 1980 తరువాత గుడివాడ, కైకలూరు, మచిలీపట్నము ప్రాంతములలో వరిపొలములెన్నియో చేపల చెరువులుగాను, రొయ్యల చెరువులుగాను మారినవి. చెరువు త్రవ్వినప్పుడు పొలముగట్టు పోవును. గట్టుతో చెట్టు పోవును. ఆకు రాలి నీరు చెడునని, కొమ్మపై వ్రాలిన కొంగ చేపను కొట్టునని క్రొత్త గట్టుపై చెట్టును పెరుగనీయరు. బాటలు వెడల్పు చేసినప్పుడు ఇరుప్రక్కల చెట్లు పడును. ఊరిదాపు మామిడితోట ఇండ్లస్థలములుగా మారును. వీటిలో ఏ ఒక్కదానిని మేము నేరమనము. మనుష్యులకు బ్రతుకుతెరువు కావలెను, బాట కావలెను, ఇల్లు కావలెను. కాని నూరేండ్ల చెట్టు పడినప్పుడు పోవునది కలప మాత్రమేయని తలచుట పొరపాటు.

మరియొక కారణము మన చేతిలో లేనిది. ఈ తీరము తుపానుల తీరము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన మచిలీపట్నమును ముంచెత్తినది. 1977 నవంబరు 19న దివిసీమపై వచ్చిన ఉప్పెనను కంటితో చూచినవారు ఇంకను మన నడుమ ఉన్నారు. పదివేలకు పైగా జనము పోయినారు. 1990 మే నెలలో మరల కృష్ణ ముఖద్వారముననే పెనుతుపాను తీరము దాటినది. అంత మనుష్యనష్టము ఎదుట చెట్ల మాట ఎత్తుట తగునాయని మేమును తటపటాయించితిమి. కాని ఆ 1977 నాటి రాత్రి చెట్టుకొమ్మను కరచిపట్టుకొని ప్రాణము దక్కించుకొన్నవారు దివిసీమలో కలరు. వారికి చెట్టు విలువ మేము చెప్పనక్కరలేదు. తుపాను తరువాత తీరమునకు కాపుగా సరుగుడు తోటలు పెంచిరి. అది చేయవలసిన పనియే. అయితే సరుగుడు కొన్నేండ్లకే నరికి అమ్ముకొను పంటగా మారినది. తీరమున సరుగుడు ఉండవలసినదే. ఊరి నడుమ మర్రియు, చింతయు కూడ ఉండవలసినవే. గాలికి ఒరిగిన పాతచెట్టు స్థానమున త్వరగా పెరిగి త్వరగా నరకబడు చెట్టునే నాటుచు పోయినచో, ఒక్క బదనికకు మాత్రమే కాదు, తొఱ్ఱలో గూడు కట్టు గుడ్లగూబకు, చిలుకకు సహితము ఊరిలో చోటు మిగులదు.

ఇచ్చట ఒక న్యాయమైన ప్రశ్న పుట్టును. ఈ గళ్ల బదనిక దేశమున అరుదైన మొక్కయా యని. కాదు. దక్షిణదేశమునందును, వంగదేశమునందును, సింహళమునందును అది కనబడుచున్నది. భారత వృక్షశాస్త్ర సర్వే 2019 లో వెలువరించిన గ్రంథమున మన దేశపు ఆర్కిడ్లు 1,256 అని లెక్కించిరి. వానిలో 757 చెట్లపై పెరుగునవి. మన బదనిక వాటిలో సామాన్యమైనది. కాని సామాన్యమైనదని ఏ ఊరికి ఆ ఊరు విడిచిపెట్టినచో అసామాన్యమగుటకు ఎంతోకాలము పట్టదు. దేశమున మిగిలియున్నదను ఓదార్పు, మన ఊరి పిల్లలకు దాని పరిమళమును చూపలేదు.

అజ్ఞానమువలన కలుగు చేటు ఒకటియైన, ప్రేమవలన కలుగు చేటు మరియొకటి. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు ధనికులకు ఆర్కిడ్ల పిచ్చి పట్టినది. 1850 లో జోసెఫ్ హుకర్ అను మహావృక్షశాస్త్రజ్ఞుడు ఖాసీ కొండలలో నీలివందా పూవును చూచి మురిసి, లండను తోటకొరకు ఏడుగురు మోయునంతటి మొక్కలను సేకరించెను. దారిలోని ఇక్కట్లవలన వాటిలో ఇంగ్లండునకు ప్రాణముతో చేరినవి కొన్నియే. ఆ సంగతి తన యాత్రాగ్రంథమున ఆయనయే వ్రాసికొనెను. ఆయన వెనుక వర్తకులు బయలుదేరిరి. నీలివందా కొండలలో నానాటికి తగ్గిపోయినది.

ఇట్టి అనుభవములవలననే చట్టములు పుట్టినవి. అడవిప్రాణుల అంతర్జాతీయ వ్యాపారమును అదుపుచేయు ఒప్పందము 1973 లో వాషింగ్టనులో కుదిరి 1975 లో అమలునకు వచ్చినది. భారతదేశము 1976 లో అందు చేరినది. ఆర్కిడ్ కుటుంబమంతయు ఆ ఒప్పందపు పట్టికలలో ఉన్నది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991 లో సవరణ చేసి, కొన్ని మొక్కలకు సహితము రక్షణ కల్పించిరి. ఆనాటి పట్టికలో ఆరు పేర్లు. అందులో మూడు ఆర్కిడ్లవే: నీలివందా, ఎర్రవందా, చెప్పుపూల జాతి. నాలుగవ పేరు మన శేషాచలము కొండలయందు మాత్రమే పెరుగు సైకాస్ బెడ్డోమీ. 2022 నాటి సవరణతో ఆ పట్టికలను తిరుగ వ్రాసిరి. చట్టము అవసరమే. కాని మామిడికొమ్మపై పూచిన ఒక్కొక్క బదనికయొద్ద చట్టము కావలి కూర్చుండలేదు. అచ్చట నిలువగలవాడు తోటవాడే.

మన తూర్పు కనుమలలో, పాపికొండలు మొదలు మారేడుమిల్లి, పాడేరు వరకు, ఆర్కిడ్లు ఇంకను హెచ్చు. చెట్లపై పెరుగునవి కొన్ని, నేలలో దుంపలనుండి తొలకరికి లేచునవి కొన్ని. వానిపై వేరొక ఒత్తిడి కలదు. మూలికల అంగళ్లలో రాస్న యను పేర అమ్మబడునది అంతట ఒక్క మొక్క కాదు. కొన్ని ప్రాంతముల అది ఈ వందా వేరు. కొన్ని ప్రాంతముల వేరు మొక్కలు. సాలామిశ్రి యను పేర అమ్ముడుపోవునవి ఆర్కిడ్ దుంపలే. వేరు తీసిన మొక్కయు, దుంప తవ్విన మొక్కయు మరల మొలవవు. వైద్యమునకు కావలసినచో తోటలో పెంచి తీసికొనవలెను గాని, అడవిని కొల్లగొట్టరాదు. విహారమునకు పోయిన మనమును, కొండదారిలో ఎవరైన ఆర్కిడ్ మొక్కలను వేళ్లతో పెకలించి అమ్మజూపినచో కొనక విడుచుట మంచిది. కొనువాడు లేనిచో పెకలించువాడు ఉండడు. పూలపై ముచ్చట గలవారికి తోటలలో పెంచిన మొక్కలు కావలసినన్ని దొరకుచున్నవి. 1996 లో సిక్కిం రాష్ట్రమున పాక్యాంగ్ వద్ద నెలకొల్పిన జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రము ఇట్టి పెంపకముకొరకే కృషి చేయుచున్నది.

ఇక మన డెల్టాలో చేయదగినదేమి? సింగపూరు వారి పని మనకు దారి చూపుచున్నది. ఆ నగరమున అడవులు నశించి, దేశీయమైన ఆర్కిడ్లు చాలవరకు కనుమరుగైనవి. 1995 నుండి అచ్చటి వృక్షోద్యానము వారు వాటి విత్తులను గాజుపాత్రలలో మొలిపించి, పెంచి, బాటప్రక్క చెట్లపై కట్టసాగిరి. కార్లు పోవు వీధిలో, జనము నడుచు దారిలో అడవిపూవులు మరల పూచినవి. పాతచెట్టు ఉన్నచో నగరము సహితము అడవి కాగలదని ఆ పని నిరూపించినది. మనకు గాజుపాత్రలు సహితము అక్కరలేదు; ఉన్నవాటిని పోనీయకుండిన చాలును.

మొదటిది, తోట శుభ్రము చేయునప్పుడు కూలీలకు రెండు బదనికలను చూపి, తేడా చెప్పుడు. ఒకసారి చూచినవారు మరువరు. రెండవది, బాటకొరకో, ఇంటికొరకో పాతచెట్టును తప్పనిసరిగా కొట్టవలసివచ్చినచో, కొట్టుటకు ముందు ఒకరిని ఎక్కించి కొమ్మలు చూడుడు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము చెట్టు కొట్టుటకు అనుమతి అడుగవలసియున్నది. ఆ అనుమతి వచ్చులోపల ఈ పనికి కావలసినంత వ్యవధి దొరకును. బదనిక కనబడినచో వేళ్లను బెరడునుండి పెరుకక, పట్టుకొనియున్న బెరడుముక్కతోడనే కోసి దింపుడు. మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడిన పిదప, దాపున మరియొక ముసలిచెట్టుకు, ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నము నీడ పట్టు కొమ్మపై, కొబ్బరిపీచు త్రాటితో వదులుగా కట్టుడు. ఇనుపతీగ పనికిరాదు, అది కొమ్మను కోసివేయును. వేళ్లకు మన్ను కప్పరాదు, పేడ పూయరాదు. గాలి లేనిచో వేరు కుళ్లును. వానలు నిలిచిన దినములలో నీళ్లు చిలుకరించిన చాలును. క్రొత్త వేరు వచ్చి బెరడును పట్టిన పిదప త్రాడు దానంతట అదే శిథిలమై రాలిపోవును.

మూడవది, ప్రతి ఊరను రెండు మూడు చెట్లనైనను కొట్టరాని చెట్లుగా ఏర్పరచుకొనవలెను. గుడి, మసీదు, చర్చి, బడి, పంచాయతీ ఆవరణలలోని చెట్లు ఇందుకు తగినవి. అవి ఎవరి ఆస్తియు కావు గనుక, ముసలివి కాగలవు. బడిపిల్లలకు దొంగ బదనికను, గళ్ల బదనికను ప్రక్కప్రక్కన చూపి, పరాన్నజీవికిని, ఆశ్రయము మాత్రమే కోరు మొక్కకును భేదము చెప్పినచో, పుస్తకములోని పాఠము కొమ్మపై కనబడును.

గుడివాడ తోట సంగతి చెప్పి సెలవు తీసికొందుము. మేము వేరుచేసిన రెండవ రాశిని చూచి ఆ పెద్దమనిషి కొంతసేపు మాటాడలేదు. ఒక మొక్కను చేతికి తీసికొని, వేరును గోటితో గీకి చూచి, మరల చెట్టు బెరడును చూచిరి. "ఇన్నాళ్లూ తెలియక పోగొట్టుకున్నామండీ" అని, కూలీలను పిలిచి, "ఒరేయ్, ఈ లావు వేళ్లవి కొయ్యకండి. కోసినవి తీసుకెళ్లి మళ్లీ కట్టండి" అనిరి. తొలకరి రావలసియున్నది గనుక ఆ మొక్కలను తడిగోనెపై నీడలో ఉంచి, వానలు పడిన పిదప కట్టించిరి. అన్నియు బ్రతుకలేదు. వర్షఋతువు గడచిన పిదప మేము మరల పోయి చూచినప్పుడు, కట్టిన పండ్రెండింటిలో అయిదు మొక్కలు క్రొత్త వేళ్లు దింపియున్నవి. ఇంకను పూయలేదు. తొందర లేదు. చెట్టు తాతగారు నాటించినది; పూవును చూచుటకు మనుమలు ఉన్నారు.